అంకినీడు అరుగు మీద ఆరువందల పదకొండు మంది

రెండో రోజు సాయంత్రం ఏసోబు పడవను సరిగ్గా ఏటి నడిమధ్యకు తెచ్చి ఆపేశాడు.

నిజం పడవ కాదు, బుర్రకథలో పడవ. అందులో ఇద్దరున్నారు. ఒకరు గెడ వేసి పడవ నడిపే రంగమ్మ. రెండోవాడు ఆమె రేవును లాక్కుందామని చూస్తున్న జమీందారు. కింద వరద, పైన వాన. ఏసోబు తంబురా భుజం మీద ఎగరేసి, వేళ్ళకున్న అందెలు గల్లుమనిపించి, "రంగమ్మ చేతిలో గెడ ఫెళ్ళున విరిగెరా!" అన్నాడు. కుడి పక్క వంత నాంచారమ్మ, ఎడమ పక్క వంత మస్తాను గుమ్మెటల మీద తలో దెబ్బా వేసి "తందాన తాన!" అన్నారు. అంతే. ముగ్గురూ దండం పెట్టి వేదిక దిగిపోయారు.

"ఓరి నీ నోట్లో మన్నుబడ! అక్కడ ఆపుతావా?" అంది ముందు చాప మీది చుక్కమ్మ.

అక్కడే ఆపాలి. కాకరదొరువు ఊళ్ళో ఆచారం అది. ఏటా మిరపకోతలైపోయాక కథ మూడు సాయంత్రాలు. రెండో సాయంత్రం ఎవరినో ఒకరిని చావుబతుకుల మధ్య వదలాలి. మూడో సాయంత్రం దాకా "ఏమైంది?" అని ఎవరూ అడగకూడదు. నోరాగక అడిగితే ఆ ఇంటివాళ్ళు మేళానికి ఒక కోడిని కొయ్యాలి. కిందటేడు పదకొండు కోళ్ళు తెగాయి. ఇక మూడో సాయంత్రం కథ ముగించి మంగళం పాడాలి. మంగళం పాడందే మేళం ఊరి పొలిమేర దాటకూడదు. ఇరవయ్యారేళ్ళుగా ఏసోబు ఈ ఆచారం తప్పలేదు. వాళ్ళ అయ్య కూడా తప్పలేదు.

మూడో రోజు పొద్దున్నే ఊళ్ళోకి ఒక జీపు వచ్చింది.

జీపులోంచి పరాంకుశం గారు దిగారు. ఆయన సమ్మిళిత కథా సాధికారత ప్రత్యేక పర్యవేక్షణాధికారి. ఆ హోదా అంతా జీపు తలుపు మీద పట్టక, చివరి నాలుగు అక్షరాలు వెనక చక్రం మీద రాయించారు. ఆయన చంకలో ఒక ఫైలు, ఫైల్లో ఒక ఫారం, మొహాన సమాజం మీద అపారమైన దయ ఉన్నాయి. పంచాయతీ కార్యదర్శి శేషారత్నం ఎదురెళ్ళి, వేదిక మెట్ల మీద పళ్ళు తోముకుంటున్న ఏసోబును చూపించింది.

"కథకులు తమరేనా?" అన్నారు పరాంకుశం గారు.

ఏసోబు వేపపుల్ల చెవిలో పెట్టుకుని లేచాడు. "నేనేనండయ్యా."

"తమరి కథ ద్వారా నేటి వరకు ఎంతమంది వెలుపలివారు లోపలికి తేబడినారు?"

ఏసోబు వేదిక కేసి చూశాడు. సిమెంటు దిమ్మ, నాలుగు స్తంభాలు, పైన రేకులు. "లోపలంటే... దీనికి గోడల్లేవండయ్యా. అంతా బయలే."

పరాంకుశం గారు జాలిగా నవ్వి, ఫారం తీసి చదివారు. ఈ ఏడాది నుంచి సర్కారు కట్టించిన ఏ వేదిక మీదైనా కథ చెప్పాలంటే ఆ కథ సమ్మిళిత సమాజాన్ని నిర్మించి తీరాలి. నిర్మించినట్టు ఫారం నింపాలి. మొదటి గడిలో, కథకు ముందు ఊళ్ళో సమాజానికి వెలుపల నిలిచిపోయినవారి సంఖ్య. రెండో గడిలో, కథ తరువాత లోపలికి తేబడినవారి సంఖ్య. కనీసం నలభై.

"ఈ గ్రామంలో వెలుపలివారు ఎందరు?"

"ఎవరూ లేరు సార్," అంది శేషారత్నం. "కథంటే ఊరంతా వచ్చుద్ది."

"ఊరంతా అనగా?"

"ఊరంతా అంటే ఊరంతానే సార్. అన్ని పేటలోళ్ళూ వస్తారు. చాపలు కలిపేసుకుని కూర్చుంటారు."

"ఏ ప్రాతిపదికన? ఎవరి పక్కన ఎవరు?"

"ముందొచ్చినోళ్ళ పక్కన తర్వాతొచ్చినోళ్ళు."

పరాంకుశం గారు నుదురు పట్టుకుని మెట్టు మీద కూర్చున్నారు. "ఇంత తీవ్రమైన పరిస్థితిని ఇన్నాళ్ళూ పైవారి దృష్టికి ఎందుకు తేలేదమ్మా? అందరూ కలిసిపోయి కూర్చుంటే, ఎవరిని కలిపామో మనకు తెలిసేదెట్లా?"

"ఎలపలోళ్ళు సున్నా అని రాసుకోండి సార్," అన్నాడు మస్తాను. వాడు మేళంలో హాస్యపు వంత. వేదిక దిగినా ఆ ఉద్యోగం మానడు.

"సున్నా అనునది ఈ ఫారంలో చెల్లదు. సున్నా వేసిన గ్రామం పథకానికి సహకరించని గ్రామంగా పరిగణించబడుతుంది."

"అయితే ఈ సాయంత్రం కథ?" అన్నాడు ఏసోబు.

"నిలుపుదల."

"ఆవిడ ఏటి మధ్యలో ఉందండయ్యా! గెడ కూడా విరిగింది."

"విచారకరం," అన్నారు పరాంకుశం గారు.

"పోనీ, మా మిరపకళ్ళంలో చెప్పించుకుంటాంలే," అంది అప్పుడే వచ్చిన చుక్కమ్మ.

పరాంకుశం గారు చూపుడువేలు ఎత్తారు. "సదరు రంగమ్మ ప్రభుత్వ వేదికపై పడవ ఎక్కినందున, ప్రభుత్వ అనుమతి లేనిదే అన్యత్ర దిగరాదు. దింపినచో కార్యదర్శి బాధ్యురాలగును."

శేషారత్నం మంచి పిల్ల. రేషను కార్డులో ఎవరి పేరు తప్పు పడినా తనే ఎండలో తిరిగి సరిచేయించి తెస్తుంది. ఆమె ఉద్యోగానికి ముప్పు తెచ్చి రంగమ్మను ఒడ్డుకు చేర్చుకోవాలని ఎవరికీ అనిపించలేదు. పరాంకుశం గారు వేదిక మెట్లకు అడ్డంగా గొలుసు కట్టి తాళం వేశారు. మిగతా మూడు వైపుల నుంచీ మేకలు ఎక్కి దిగుతూనే ఉన్నాయి.

ఆ సాయంత్రం ఊళ్ళో కథ లేదు. అన్నాల దగ్గర ఎవరికీ ముద్ద దిగలేదు. నాంచారమ్మ గుమ్మెట ఒళ్ళో పెట్టుకుని, "అన్నా, శుక్రారం మనం పక్కూళ్ళో ఒప్పుకున్నాం గదా. మంగళం పాడకుండా ఎట్టా కదులుతాం?" అంది. "శుక్రారం సంగతి సరే, ఆ జమీందారుతో రంగమ్మ ఒక్కతే ఎన్నాళ్ళుంటదే పడవలో?" అన్నాడు ఏసోబు. ఆయన బాధ నిజంగా అదే.

నాలుగో రోజు పంచాయతీ ఆఫీసులో సమావేశం. వెలుపలివారు నలభై మంది ఎక్కడ దొరుకుతారా అని ఊరంతా ఆలోచించింది. ఒక్కరూ దొరకలేదు.

"లేకపోతే తయారుచేసుకుందాం సార్," అన్నాడు మస్తాను. "నలభై మందిని ఇయ్యాళ ఎలపల పెడదాం. సాయంత్రం కథ చెప్పి లోపలికి లాగేద్దాం."

ఏసోబు వాడి కాలు తొక్కాడు. కానీ పరాంకుశం గారి కళ్ళు మెరిశాయి. "తాత్కాలిక వెలుపలీకరణ!" అన్నారు. "నిబంధనల్లో ఎక్కడా నిషేధం లేదు." ఫైలు తిరగేసి మళ్ళీ చూసుకుని, "ప్రోత్సాహకాలు కూడా ఉన్నవి. వెలుపలివారికి ముందు వరుసలో ఎర్ర కుర్చీలు. పథకం పేరు గల టోపీ. పొట్లం పునుగులు" అన్నారు.

శేషారత్నం కళ్ళు మూసుకుని ఓటర్ల జాబితాలో నలభై పేర్ల మీద వేలు పెట్టింది. ఆ జాబితా మధ్యాహ్నానికల్లా పంచాయతీ గోడ మీద అతికించారు. పైన పెద్దక్షరాలతో "గ్రామ వెలుపలివారు" అని రాశారు.

మొదట వచ్చింది చుక్కమ్మ.

"ఏమ్మా కార్యదర్శీ, ఈ ఊరికి కోడలిగా వచ్చి నలభయ్యేళ్ళయింది. ఇన్నేళ్ళలో నన్నొకసారి ఎలపల పెడదామని ఒక్కరికైనా మనసు రాలేదా? నిన్నగాక మొన్న కాపురానికొచ్చిన ఆ పిల్లని మాత్రం పెట్టారే!"

"చీటీలాగా తీశానత్తా. నీ మీద కోపంతో కాదు."

"కోపం లేకపోతే పెట్టు మరి. మోకాళ్ళ నొప్పులు, చాప మీద కూర్చోలేక చస్తన్నా. కుర్చీ అన్నా వచ్చుద్ది."

ఆ వెనక సర్పంచి బావమరిది వచ్చాడు. "మా బావ సర్పంచి అయ్యుండి కూడా నాకు ఎలపల చోటు లేకపోతే ఇంక రాజకీయం ఎందుకు?" అన్నాడు. ఆ వెనక మొగుడూ పెళ్ళాలు వచ్చారు. మొగుడి పేరుంది, పెళ్ళాం పేరు లేదు. "ఈయనొక్కడే ఎలపలుంటే ఇంట్లో అన్నం ఎవరు పెడతారు? పెడితే ఇద్దర్నీ పెట్టండి" అందామె. ఒకతను మూడు పెళ్ళిళ్ళ బంతుల్లో వరసగా తనకు బూరె అందలేదని, అది చూసినవాళ్ళు కూడా ఉన్నారని సాక్షులను తెచ్చుకున్నాడు. ఇంకొకాయన, "నేను పుట్టిందే పొలిమేర అవతల, ట్రాక్టర్లో. నన్ను మించిన ఎలపలోడు ఎవడు?" అని ట్రాక్టర్ను కూడా తోలుకొచ్చాడు.

పరాంకుశం గారు అందరి మాటలూ విన్నారు. ఆయన ముఖంలో క్రమంగా ఒక వెలుగు వచ్చింది.

"అమ్మా శేషారత్నం! ఈ జాబితాలో చోటు దక్కనివారు జాబితాకు వెలుపల ఉన్నట్లే కదా?"

"అంతే సార్."

"అనగా వారు వెలుపలివారే. వెలుపలి నుండి కూడా వెలుపల పెట్టబడినవారు. వీరి గాయం మరింత లోతైనది. వెంటనే రెండవ జాబితా వెయ్యండి."

రెండో జాబితాలో నూటపది మంది. అందులో లేనివాళ్ళు ఇంకా లోతుగా గాయపడ్డారు కాబట్టి మూడో జాబితా. ఐదో రోజు పొద్దున ఎనిమిదో జాబితా అతికించడానికి గోడ చాలక మేకల షెడ్డు మీద అతికించారు. మేకలు ఇద్దరు వెలుపలివారిని తినేశాయి. ఆ ఇద్దరూ వచ్చి లబోదిబోమన్నారు. వాళ్ళ పేర్లు మళ్ళీ రాశారు.

ఈలోగా ఊరి పని ఊరికుంది. చుక్కమ్మ ఎర్రటి టోపీ పెట్టుకుని, చంకలో కోడిని పెట్టుకుని ఏసోబు దగ్గరికొచ్చింది.

"ఇదిగో కోడి. అడుగుతున్నా. రంగమ్మ బతికిందా లేదా?"

"కోడి ఇవ్వాలని ఉందిగానీ, నేను చెప్పాలని లేదు గదమ్మా ఆచారంలో."

"మరి కోడెందుకు?"

"అడిగినందుకు."

"నీ కడుపు కాల! నాకు నిద్ర పడతల్లేదురా. ఆ వానలో ఆడమనిషి..." అంటూ కోడిని అక్కడే వదిలేసి వెళ్ళింది. ఏసోబు మనసు కలుక్కుమంది. కోడికూర మాత్రం మస్తాను తిన్నాడు.

ఆ మధ్యాహ్నానికి ఊరి జనాభా ఆరువందల పన్నెండులో ఆరువందల పదకొండు మంది వెలుపలికి వెళ్ళిపోయారు. వాళ్ళలో సర్పంచి ఉన్నాడు. బడిపంతులు ఉన్నాడు. ఆ తెల్లవారుజామున పుట్టిన ఒక పసిబిడ్డ కూడా ఉంది. శేషారత్నం కూడా తన పేరు తనే రాసుకుని, కార్యదర్శి హోదాలో ధ్రువీకరించింది. పరాంకుశం గారు ఆనందబాష్పాలు తుడుచుకుంటూ పైకి ఫోను చేశారు. "నలభై అడిగితే ఆరువందల పదకొండు సార్! రాష్ట్రంలోనే ప్రథమం!"

ఫోను పెట్టేసి ఫారం ఆఖరి పేజీ తిప్పారు. ఆయన ముఖం వాడిపోయింది.

అక్కడ ఒక గీత ఉంది. దాని కింద, "ఎవరిలోకి చేర్చబడినారో వారి సంతకం" అని ఉంది.

"లోపల ఎవరైనా మిగిలారా?" అన్నారు పరాంకుశం గారు. "వెలుపలివారిని చేర్చుకునుటకు ఒక ప్రధాన స్రవంతి ఉండవలెను కదా! అందరూ ఇవతలికి వచ్చేస్తే అవతల ఎవరున్నారు?"

శేషారత్నం జాబితాలన్నీ పక్కపక్కన పెట్టి చూసింది. అన్నిట్లోనూ లేని పేరు ఒక్కటే. కోనేటి అంకినీడు. పోస్టుమాను చేసి రిటైరైనాయన. ఆయన ఏ జాబితాలోకీ వస్తానని అడగలేదు. పునుగులంటే పడదు. టోపీ అంటే అసహ్యం. వేదిక పక్క ఇల్లే ఆయనది. కథ మొదలవగానే కిటికీ మూసి గడియ పెట్టుకుంటాడు. ఈ గుమ్మెట రొద ఎవడు కనిపెట్టాడని ఇరవయ్యారేళ్ళుగా తిడుతున్నాడు.

"అంకినీడు మావ ఒక్కడే సార్ ఊళ్ళో ప్రధాన స్రవంతి," అన్నాడు మస్తాను.

సాయంత్రం నాలుగింటికి ఆరువందల పదకొండు మంది వెలుపలివారు అంకినీడు ఇంటి ముందు నిలబడ్డారు. అంకినీడు బనీనుతో అరుగు మీదికొచ్చి అందరినీ చూశాడు. తాను పోయానేమో, తనకింకా తెలియలేదేమోనని ఒక్క క్షణం భయపడ్డాడు.

"ఏందిది?"

పరాంకుశం గారు చేతులు జోడించారు. "అయ్యా, ఈ గ్రామస్తులందరూ మీలోకి చేరగోరుతున్నారు."

"నాలోకా?"

"సమాజములోకి. ప్రస్తుతం సమాజము అనగా మీరు."

"నా అరుగు మీద నలుగురికే చోటు. అదీ నేను నిలబడితే," అన్నాడు అంకినీడు. "నన్నొదిలెయ్యండి బాబూ. ఈ ఊరు నన్ను ఎలపల పెట్టలేదు. నేనే ఈ ఊరిని ఎలపల పెట్టుకున్నా. సుకంగా ఉన్నా."

"అద్భుతం!" అన్నారు పరాంకుశం గారు. "నిజమైన ప్రధాన స్రవంతి లక్షణం! ఇక్కడొక సంతకం చెయ్యండి. సాయంత్రం ఏసోబు గారు కథ చెప్తారు. అది వింటూ వీరందరూ మీలోకి వచ్చేస్తారు."

"సంతకం లేదు, కథా లేదు. పచ్చి అబద్ధాల కథ వినడానికి నా చెవులేం ఖాళీగా లేవు. పచ్చి వెదురు గెడ ఫెళ్ళున విరగడమేందండీ, ఎవడన్నా వింటే నవ్విపోడూ?"



మస్తాను మెల్లగా ముందుకొచ్చాడు. "మావా, కిటికీ మూసుకుని పడుకున్నావు గదా. గెడ విరిగిందని నీకెవరు చెప్పారు?"

అంకినీడు బనీను సర్దుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"మూసిన కిటికీ లోపల కూర్చుని వింటన్నావన్నమాట!" అంది చుక్కమ్మ. "మేమిక్కడ దోమల్లో, నువ్వు ఫేను కింద!"

"ఇన్నా. అయితే ఏంది?" అని అంకినీడు విరుచుకుపడ్డాడు. ఇరవయ్యారేళ్ళ కోపం ఒక్కసారిగా బయటికొచ్చింది. "ఈడు చెప్పే తప్పులు లెక్కెట్టడానికి ఇంటన్నా. అదేదో గుర్రం కథలో గుర్రాన్ని సాయంత్రం గుంటూర్లో ఎక్కించి పొద్దున్నే కాశీలో దించాడు. గుర్రవా అది, రాకెట్టా? రాణీగారి ఉత్తరానికి మర్నాడే జవాబొచ్చింది. నేను పోస్టుమాన్నిరా! జవాబెప్పుడొచ్చుద్దో నాకు తెలవదా? ఇప్పుడు గెడ! ఇరవయ్యేళ్ళు టపాసంచీ నెత్తిన పెట్టుకుని ఏరు దాటినోణ్ణి. గెడ విరగదు. బురదలో దిగబడుద్ది. లాగితే చేతిలోంచి జారి అక్కడే నిలబడుద్ది, పడవ ముందుకెళ్ళిపోద్ది. పడవోళ్ళందరికీ తెలుసిది. ఈడొక్కడికే తెలవదు."

ఏసోబుకు ఒళ్ళు మండింది. "మా అయ్య కాడినుంచీ విరుగుతానే ఉంది ఆ గెడ. ఇప్పుడు నీకోసం అతికించమంటావా?"

"అతికిస్తేనే సంతకం."

"ససేమిరా."

"నేనూ ససేమిరా." అంకినీడు లోపలికి వెళ్ళబోయాడు.

"అన్నా," అంది నాంచారమ్మ ఏసోబు చెవిలో. "గెడ కోసం రంగమ్మను ముంచుతావా?"

ఏసోబు తల గోక్కున్నాడు. ఈ ఊళ్ళో ఈ కథ చెప్పడం ఇదే మొదలు కాబట్టి ఊరివాళ్ళకు తెలియనిది ఒకటుంది. వాళ్ళయ్య చెప్పిన కథలో, విరిగిన గెడ సగం ముక్క రంగమ్మ చేతిలో మిగులుతుంది. దాన్నే తెడ్డుగా వేసి ఆమె ఒడ్డు చేరుతుంది. గెడ విరక్కపోతే ముక్క లేదు. ముక్క లేకపోతే ఒడ్డు లేదు. అయ్య నాటినుంచీ ఉన్న ముగింపు ఈ ముసలాడి సంతకంతో గల్లంతవుతుంది. కానీ ఆరువందల పదకొండు టోపీలు తనకేసే చూస్తున్నాయి. చుక్కమ్మ దండం కూడా పెట్టింది.

"సరే. దిగబడింది," అన్నాడు ఏసోబు.

పరాంకుశం గారు అక్కడికక్కడే సవరణ ఉత్తర్వు చదివారు. "మొన్నటి కథలో గెడ విరిగినది అని విన్నవారందరూ, గెడ దిగబడినది అని విన్నట్లుగా భావించవలెను. వేదిక విషయమున, ప్రధాన స్రవంతి ఎచ్చట ఉన్న వేదిక అచ్చటనే ఉన్నట్లు పరిగణించడమైనది."

అంకినీడు కళ్ళజోడు పెట్టుకుని, పేజీలన్నీ చదివి, రెండు అక్షరదోషాలు దిద్ది సంతకం చేశాడు.

పొద్దు వాలుతుండగా అరుగు మీద కథ మొదలైంది. ఎర్ర కుర్చీలు నలభయ్యే ఉన్నాయి, వెలుపలివారు ఆరువందల పదకొండు మంది. కుర్చీల కోసం కాసేపు తోసుకుని, విసుగొచ్చి వాటిని పక్కకు నెట్టేసి, ఎప్పటిలాగే చాపలు కలిపేసుకున్నారు. చుక్కమ్మ మాత్రం మోకాళ్ళకు భయపడి అరుగు మెట్టు మీద కూర్చుంది. పరాంకుశం గారు అరుగు చివర నిలబడి, చాప మీద కూర్చున్న ప్రతివాణ్ణీ లోపలికి వచ్చినట్టు టిక్కు పెట్టుకుంటున్నారు.

"గెడ బురదలో దిగబడెరా!" అన్నాడు ఏసోబు.

"తందాన తాన!"

"చేతిలోంచి జారెరా!"

"తందాన తాన!"

"ఆఁ, అదీ!" అన్నాడు అంకినీడు గుమ్మంలోంచి.

పడవ వరదలో తిరుగుతోంది. రంగమ్మ చేతుల్లో ఏమీ లేదు. ఏసోబు నోట్లో కూడా ఏమీ లేదు. వాన వర్ణించాడు. మెరుపు వర్ణించాడు. మొసలిని తెచ్చాడు. ఏట్లో మొసలేందని అంకినీడు గుర్రుమంటే మొసలిని పంపించేశాడు. చెమటలు కారుతున్నాయి. మస్తాను కనిపెట్టి, తన జోకులన్నీ ఖర్చుపెడుతూ గుమ్మెట వాయిస్తూ కాలయాపన చేస్తున్నాడు. నాంచారమ్మ చేతులు నొప్పెట్టాయి.

అప్పుడు పరాంకుశం గారు చెయ్యెత్తారు.

"నిలుపుదల! ఆరువందల పదకొండవ వ్యక్తి ఇప్పుడే లోపలికి వచ్చినారు." ఆయన పసిబిడ్డను చూపించారు. తల్లి ఒళ్ళో నిద్రపోతోంది. "సమ్మిళిత సమాజ నిర్మాణం పూర్తి అయినది. ఇక కథ అవసరం లేదు. అందరికీ అభినందనలు."

"ఏమంటున్నాడు?" అన్నాడు అంకినీడు.

"ఆపెయ్యమంటున్నాడు మావా. పనైపోయిందంట."

అంకినీడు గుమ్మం దాటి అరుగు మీదికొచ్చాడు. "ఏమయ్యోవ్! గెడ దిగబడిందని నేను సంతకం పెట్టింది ఇక్కడ ఆపడానికా? ఇప్పుడు ఊళ్ళో సమాజం అంటే ఎవరు?"

"మీరే."

"అయితే నువ్వు నా సమాజంలో లేవు. దిగు నా అరుగు."

పరాంకుశం గారు దిగారు. దిగి వీధిలో నిలబడ్డారు. చుట్టూ ఆరువందల పదకొండు మంది చాపల మీద ఉన్నారు. ఆయనకు ఏ చాపా లేదు. ఉద్యోగంలో చేరి పద్దెనిమిదేళ్ళయింది, ఎన్నో ఊళ్ళు తిరిగారు, ఎన్నో ఫారాలు నింపారు. నిజంగా వెలుపల పెట్టబడిన మనిషిని చూడడం ఆయనకు ఇదే మొదటిసారి. ముందు ముఖం చిన్నబోయింది. తరవాత మెల్లగా విప్పారింది. కలం తీసి వెలుపలివారి గడిలో "ఒకటి" అని రాసుకున్నారు.

"ఇంకా ఒకరు మిగిలినారు. కథ కొనసాగవలెను," అన్నారు. తరవాత చాలా చిన్న గొంతుతో, "వారు తొందరగా లోపలికి రారనుకుంటాను" అన్నారు.

ఏసోబు ఆయనకేసి చూశాడు. రాసుకోవడం అయిపోయాక ఆ రెండు చేతులనూ ఏం చెయ్యాలో తెలియక, ఒకసారి వెనక పెట్టుకుని, ఒకసారి ముందు కట్టుకుని, అలాగే నిలబడి ఉన్నారాయన. ఎప్పుడూ ఏ పనీ చెయ్యని చక్కని తెల్లటి చేతులు.

ఏసోబు అందెలు గల్లుమన్నాయి.

"ఓ జమీందారూ! గెడ పోయింది, తెడ్డు లేదు. మరి ఆ ఊరికే ఉన్న చేతులు ఎవరివి? అని అడిగెరా రంగమ్మా!"

"తందాన తాన!"

"నావే అన్నాడు జమీందారు!"

"తందాన తాన!"

"అయితే బోర్లా పడుకో! చెరో పక్కా చెయ్యి ముంచు! తొయ్యి! అన్నదిరా రంగమ్మా!"

జమీందారు ఉంగరాల చేతులతో వరదను తోడుతూ, మీసాల నిండా బురదతో, రంగమ్మ "ఎడమ! కుడి! ఎడమ!" అని కేకలేస్తుంటే, ఒడ్డుకేసి పడవను ఈడ్చుకొచ్చాడు. చుక్కమ్మ నవ్వి నవ్వి పక్కవాళ్ళ మీద పడింది. కుర్రాళ్ళు చాపల మీద బోర్లా పడుకుని తోస్తున్నారు. సర్పంచి కూడా ఒక చెయ్యి వేశాడు. ఏసోబు ఓరకంట గుమ్మంకేసి చూశాడు.

అంకినీడు వేళ్ళ మీద లెక్క చూసుకున్నాడు. "వరద వాలు మీద అయితే కుదురుద్ది," అన్నాడు.

ఏసోబుకు ఇరవయ్యారేళ్ళలో అంత పెద్ద సన్మానం జరగలేదు.

"ఏం నాయనా, అట్టా నిలబడతావేంది అడ్డంగా? వెనకోళ్ళకు కనపడొద్దా?" అంది చుక్కమ్మ పరాంకుశం గారితో. అరుగు మెట్టు మీద కొంచెం జరిగి చోటిచ్చింది. "కూర్చో. బండ ఇంకా కాల్తంది, ఆ కాయితం పరుచుకో."

ఆయన పరుచుకుని కూర్చున్నారు.

నాంచారమ్మ మంగళం ఎత్తుకుంది. ఊరంతా గొంతు కలిపింది. పరాంకుశం గారు కూడా కలిపారు, కానీ అందరూ ఆపాక ఆయనొక్కరే "తాన" అన్నారు.

"సార్, ఒక దరువు ఎలపలుండిపోయారు," అన్నాడు మస్తాను.

పరాంకుశం గారు కంగారుగా జేబులోంచి కలం తీశారు. రాసుకుందామని ఫారం కోసం అటూ ఇటూ చూశారు. అది తన కిందే ఉందని గుర్తొచ్చింది. లేస్తే చోటు పోతుందేమోనని లేవలేదు.